రంగు వేరైనచో జాతి వేరగునా?

నెమలి, అడవికోడి, కముజుపిట్ట, పూరేడు - ఇవి చూపునకు వేరువేరు పక్షులు. నెమలి పురి విప్పి ఆడును. పూరేడు పిడికిలిలో ఇముడును. అయినను శాస్త్రజ్ఞులు వీనినన్నిటిని ఒకే కుటుంబమున చేర్చిరి. కాళ్లతో నేలను గీరి గింజలను, పురుగులను ఏరుకొని తినుట, అపాయము కలిగినప్పుడు రెక్కలు టపటప కొట్టుకొని ఎగిరి కొంత దూరముననే వాలుట, గ్రుడ్డునుండి వెలువడిన కొలది కాలమునకే పిల్లలు తల్లివెంట పరుగెత్తుట సామాన్యముగా ఈ కుటుంబపు పక్షుల నడవడి.

ఈ కుటుంబములోనే ఫెజెంట్లు అను అందమైన పక్షులు కలవు. హిమాలయపు లోయలు మొదలుకొని చైనా, జపాను, వియత్నాము అడవుల వరకు వీని నివాసము. పుంజుల యందము చెప్పనలవి గాదు. ఒకదానికి బంగారు జుట్టు, ఎర్రని రొమ్ము. మరియొకదానికి వెండితీగెలు పరచినట్లు తెల్లని వీపు. వేరొకదానికి నీలిమబ్బు వన్నె. పెట్టలు మాత్రము ఎండుటాకుల రంగున నుండును. గ్రుడ్లపై కూర్చున్నప్పుడు నక్కకు, గ్రద్దకు కనబడకుండుటకు ఆ రంగే వానికి రక్ష.

మన యూళ్లలో పావురములను పెంచు వేడుక గలవారున్నట్లే ఐరోపా, అమెరికా దేశములలో ఫెజెంట్లను పెంచు వేడుక గలవారు పెక్కుమంది కలరు. పెరటిలో తీగెవలతో ఎత్తైన పక్షిశాలను గట్టి, పొదలు నాటి, జంటకొక గది యేర్పరతురు. వసంతమున పెట్ట పెట్టిన గ్రుడ్లను నాటుకోడి క్రిందనో, పొదుగు యంత్రములోనో ఉంచి పిల్లలను తీయుదురు. మన దేశములో మాత్రము స్వదేశపు అడవిపక్షులను ఇట్లు పట్టి పెంచుటకు వీలులేదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నిషేధించినది.

ఈ పెంపకందార్ల వద్దకు పోయి చూచినచో ఒక చిత్రము కనబడును. బంగారు ఫెజెంటు అను పేరుగల పక్షియే ఒక గదిలో ఎర్రని రొమ్ముతోను, ప్రక్కగదిలో నిలువెల్ల పసుపు వన్నెతోను, ఆవలి గదిలో నల్లని గొంతుతోను ఉండును. తలుపుమీద ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు వ్రాసి యుండును. ఇవి మూడును వేరు జాతులా? ఒకే జాతిలోని తెగలా? లేక రెండు జాతులను కలిపి పుట్టించినవా? ఈ ప్రశ్న తీరిక గలవారి కాలక్షేపమువలె తోచవచ్చును. కాని ఒక పక్షిజాతి మిగులుటయా, నశించుటయా అనునది ఈ ప్రశ్నకు సరియైన సమాధానముపైననే ఆధారపడిన సందర్భము వచ్చినది. ఆ కథ తెలియుటకు ముందు, పక్షుల రంగులు మూడు త్రోవల మారునని గ్రహింపవలెను.

మొదటి త్రోవ దేశకాలములది. హిమాలయములందు కాలిజ్ అను ఫెజెంటు కలదు. పడమట కాశ్మీరము దిక్కున, హిమాచల ప్రదేశమున ఈ పక్షి పుంజునకు తెల్లని జుట్టు ఉండును. తూర్పుగా నడచి నేపాళము చేరినచో జుట్టు నలుపగును. ఇంకను తూర్పుగా సిక్కిము పోయినచో నడుముమీద నున్న తెల్లచారలు కూడ మాయమై వీపంతయు నల్లబడును. బర్మా చేరునప్పటికి వీపుమీద సన్నని బూడిదరంగు గీతలు తేలును. పడమటి పక్షిని, బర్మా పక్షిని ప్రక్కప్రక్కన పెట్టినచో ఇవి రెండు జాతులని ఎవరైన పందెము వేయుదురు. నడుమ నున్న ప్రదేశములన్నియు తిరిగి చూచినవానికి మాత్రము ఒకదానినుండి మరియొకదానికి మెట్లు మెట్లుగా పోవుచున్నట్లు తెలియును. ఇట్లు ఒకే జాతి వేరువేరు ప్రదేశములలో పెక్కువేల యేండ్లు నివసించి, ఆయా చోట్లకు తగినట్లు కొంచెము కొంచెముగా మారి యేర్పడిన తెగలను ఉపజాతులందురు. కాలిజ్ పక్షిలో ఇట్టివి తొమ్మిది కలవు.

ఉపజాతికి గుర్తు రంగు మాత్రమే కాదు, ఊరు. ఏ అడవి, ఏ కొండ, ఏ నది యొడ్డు అని చెప్పగలిగిననే ఉపజాతి అను మాటకు అర్థము. అందుచేతనే పంజరములోని పక్షి యే ప్రదేశమునుండి వచ్చినదో వ్రాసి యుంచనిచో అది యే ఉపజాతియో చెప్పుట మిక్కిలి కష్టము.

వేటగాండ్లకు ప్రియమైన మామూలు ఫెజెంటు కథ దీనికి మంచి నిదర్శనము. నల్లసముద్రపు తూర్పుతీరమున, నేటి జార్జియా దేశమున, పూర్వము ఫాసిస్ అని పిలువబడిన నది యొకటి కలదు. గ్రీకులు ఈ పక్షిని ఆ నదీతీరమున ఎరిగిరి. ఫెజెంటు అను పేరు ఆ నది పేరునుండి పుట్టినదే. అక్కడినుండి మధ్య ఆసియా మీదుగా చైనా, కొరియాల వరకు ఈ జాతి వ్యాపించి, సుమారు ముప్పది ఉపజాతులైనది. పడమటి పుంజులకు మెడచుట్టు కంటె యుండదు. చైనా పుంజులలో పెక్కింటికి తెల్లని కంటె యుండును. మధ్య ఆసియాలోని ఒక తెగకు రెక్కలమీద తెలుపు కనబడును. ఐరోపావారు వేటకొరకు మొదట పడమటి పక్షిని, తరువాత చైనా పక్షిని, మరికొంతకాలమునకు మధ్య ఆసియా పక్షిని తెచ్చి ఒకే తోటలో విడిచిరి. 1881, 1882 సంవత్సరములలో షాంఘైలోని అమెరికా రాయబార కార్యాలయపు అధికారి ఓవెన్ డెన్ని చైనా పక్షులను ఓడపై ఆరెగాను రాష్ట్రమునకు పంపెను. అవి అక్కడ పొలములలో వృద్ధి పొందెను. 1943లో దక్షిణ డకోటా రాష్ట్రము ఈ పరదేశపు పక్షినే తన రాష్ట్రపక్షిగా ప్రకటించుకొన్నది. వలస వచ్చినవానికి ఇంతకుమించిన మర్యాద యెక్కడ దొరకును! కాని నేడు ఆ దేశములలో తిరుగుచున్న ఫెజెంట్లు ఏ ఉపజాతికిని చెందినవి కావు. అన్ని నదుల నీళ్లు కలిసిన చెరువువంటివి అవి. తైవాను ద్వీపములో నష్టము ఇంకను స్పష్టము. అచ్చటి స్వంత ఉపజాతి, బయటినుండి తెచ్చి విడిచిన పక్షులతో కలిసి తన రూపమును పోగొట్టుకొనుచున్నది.

రెండవ త్రోవ అకస్మాత్తుగా కలుగు మార్పు. దీనిని ఉత్పరివర్తనమందురు. ప్రతి ప్రాణి శరీరములోను తల్లిదండ్రుల పోలికలను మోసికొనివచ్చు జన్యువులు అను సూక్ష్మమైన భాగములు కలవు. ప్రతి లక్షణమునకు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి సామాన్యముగా వచ్చును. ఒక జన్యువును ప్రతివ్రాయుటలో, లేఖకుడు తాళపత్రమున అక్షరము తప్పినట్లు, పొరపాటు కలుగవచ్చును. ఆ పొరపాటు రంగునకు సంబంధించినదైనచో, మామూలు తల్లిదండ్రులకు వింతరంగు పిల్ల పుట్టును. దీనికి దేశముతో పనిలేదు. వేలయేండ్ల కాలముతో పనిలేదు. ఒక గ్రుడ్డులో, ఒక దినమున జరిగిపోవును.

నెమలి కూడ ఫెజెంట్లకు దగ్గరి చుట్టమే గనుక దీనికి నెమలి చరిత్రలోనే మంచి యుదాహరణము కలదు. మామూలు మగనెమలి రెక్కల మొదట గోధుమవన్నె, నలుపు అడ్డచారలు ఉండును. ఐరోపాలోని తోటలలో అప్పుడప్పుడు ఆ చారలు లేక, రెక్కలు నిగనిగలాడు నల్లనివైన నెమళ్లు కనబడుచుండెను. వాని ఆడుపక్షులు మిక్కిలి పాలిపోయిన రంగున నుండును. 1860లో స్క్లేటరు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఇది వేరు జాతియని తలచి దానికి క్రొత్త శాస్త్రీయ నామము నిచ్చెను. ఆ జాతి నివసించు దేశమేదియో మాత్రము ఎవరికిని తెలియలేదు. డార్విను ఈ సంగతిని శ్రద్ధతో విచారించెను. నల్లరెక్కల నెమలిని ఎన్నడును తెచ్చి చేర్చని మామూలు నెమళ్ల మందలలో అట్టి పక్షులు తమంత తామే పుట్టిన సందర్భములను సేకరించి, పెంపుడు జంతువులలోను మొక్కలలోను కలుగు మార్పులను గురించి 1868లో ప్రకటించిన గ్రంథములో వివరించెను. ఇది వేరు జాతి కాదు, మామూలు నెమలిలో హఠాత్తుగా కలిగిన మార్పు మాత్రమే అనునది ఆయన నిర్ణయము. ఆ నిర్ణయమే నిలిచినది.

ఇట్టి రంగు తరతరములకు ఎట్లు పోవునో లెక్కకట్టి చెప్పవచ్చును. నల్లరెక్కల పుంజును మామూలు పెట్టతో జతచేసినచో పిల్లలన్నియు మామూలు రంగుననే యుండును. క్రొత్త రంగు పోయినదని యజమాని విచారపడును. కాని అది పోలేదు. ప్రతి పిల్లలోను ఒక్కొక్క జన్యువుగా దాగి యున్నది. దాని ప్రక్కనున్న మామూలు జన్యువు బహిర్గతమైనది, అనగా తన గుణమును పైకి చూపునది. నల్లరెక్కల జన్యువు అంతర్గతమైనది. తనవంటిది రెండవది తోడైన గాని బయటపడదు. ఇప్పుడు ఆ పిల్లలలో ఒక పుంజును, ఒక పెట్టను జతచేసినచో, సగటున నాలుగు పిల్లలకు ఒకటి నల్లరెక్కలతో పుట్టును. మిగిలిన మూడింటిలో రెండు రంగును దాచుకొన్నవి. ఒకటి స్వచ్ఛమైన మామూలుది. ఈ మూడింటిని కంటితో చూచి వేరుచేయుట అసాధ్యము. బఠానీ మొక్కలలో మెండెలు కనుగొన్న లెక్కయే ఇది.

కొన్ని రంగులు లింగభేదమును బట్టి నడచును. మనుష్యులలో మగవానికి ఒకటే యుండు ఎక్స్ అను క్రోమోజోము స్త్రీకి రెండుండును. పక్షులలో ఇది తలక్రిందులు. పుంజునకు ఆ విధమైనవి రెండు, పెట్టకు ఒకటి. కేమియో అను లేతగోధుమ వన్నె నెమలిలో రంగు జన్యువు ఈ క్రోమోజోముమీదనే యున్నది. కేమియో పుంజును మామూలు పెట్టతో జతకట్టినచో పుట్టిన కేమియో పిల్లలన్నియు ఆడువే. మగపిల్లలన్నియు పైకి మామూలువే. ఈ కిటుకు తెలిసినవారు పసిపిల్ల రంగును చూచియే పుంజో, పెట్టయో చెప్పుదురు.

తెల్లనెమలి సంగతి కూడ ఇచ్చట చెప్పదగినది. నెమలిమెడ నీలము నిజమునకు నీలిమందువంటి రంగుపదార్థము కాదు. ఈక పోగులలో మెలనిన్ అను నల్లని పదార్థపు సూక్ష్మమైన కడ్డీలు వరుసలుగా పేర్చబడి యుండును. వానిపై పడిన వెలుగు చీలి, నీలము, ఆకుపచ్చ మాత్రము మన కంటికి చేరును. నెమలియీకను మెత్తగా నూరినచో నీలిపొడి రాదు. మట్టివన్నె పొడి వచ్చును. మెలనిన్ ఈకలకు చేరకుండ ఒక జన్యువు చెడినచో ఆ కడ్డీలే యుండవు. గోధుమవన్నె, నలుపుతోపాటు నీలము, ఆకుపచ్చ కూడ ఒక్క దెబ్బతో పోయి పక్షి పాలవలె తెల్లనగును. అయినను దాని కన్నులు ఎర్రబడవు. కావున అది బొల్లి కాదు, రోగము కాదు; వేరు జాతి అంతకన్న కాదు.

పక్షిశాలలోని పసుపు బంగారు ఫెజెంటు, నల్లగొంతు ఫెజెంటు ఈ తరగతికి చెందినవే. పసుపు పక్షిని ఇరువదవ శతాబ్ది నడుమ ఇటలీలోని బొలోన్యా నగరమున ఘీజీ అను ఆచార్యుడు పెంచి స్థిరపరచెను. నేటికిని పెంపకందార్లు దానిని ఆయన పేరుతోనే పిలుతురు. ఇంగ్లాండులో వేటకై పెంచిన మామూలు ఫెజెంట్లలో పుట్టిన నల్లరంగు పక్షి కూడ ఇట్టిదే. ఇట్టి రంగులను పెంచుటలో తప్పేమియు లేదు. మన సంతలలోని పావురముల రంగులు వీనికంటె చిత్రమైనవి. అయితే ఒక్క పక్షిలో పుట్టిన రంగును నిలుపుటకు ఆ పక్షిని దాని పిల్లలతోనో, అన్నను చెల్లెలితోనో జతచేయవలసి వచ్చును. దీనిని అంతఃప్రజననమందురు. కోరిన రంగుతోపాటు, దాగియున్న చెడుగుణములు కూడ జతకూడి బయటపడును. గ్రుడ్లు బోలు పోవుట, పిల్లలు గ్రుడ్డులోనే చచ్చుట, పుట్టినవి బలహీనముగా నుండుట దీని ఫలములు.

మూడవ త్రోవ సాంకర్యము. రెండు జాతులను జతచేయగా పుట్టినది సంకరము. గుర్రమునకు, గాడిదకు పుట్టిన కంచరగాడిద గొడ్డుది. కాని ఫెజెంట్లలో కొన్ని సంకరములు గొడ్డువి కావు. అవి మరల పిల్లలను కనును. అపాయమంతయు అందులోనే యున్నది.

దీనికి నిదర్శనమైన పక్షికి మన దేశపు చరిత్రతో కొంత సంబంధము కలదు. 1823 మొదలు 1828 వరకు ఆంహర్స్టు ప్రభువు బంగాళమున గవర్నరు జనరలుగా నుండెను. ఆయన కాలముననే బర్మాతో మొదటి యుద్ధము జరిగెను. బర్మారాజు, ఆంగ్ల సేనానియైన ఆర్చిబాల్డు క్యాంబెలునకు రెండు అపురూపమైన పుంజులను కానుకగా నిచ్చెను. అతడు వానిని ఆంహర్స్టు ప్రభువు భార్య సారా దొరసానికి సమర్పించెను. ఆమె రెండేండ్లు వానిని సాకి, 1828లో స్వదేశమునకు తీసికొనిపోయెను. ఆరు మాసముల సముద్రప్రయాణపు కాలమది. అంత ప్రయాణమును తట్టుకొన్న పక్షులు ఇంగ్లాండు చేరిన కొన్ని వారములకే చనిపోయెను. 1829లో శాస్త్రజ్ఞులు ఆ పక్షికి ఆమె పేరు పెట్టిరి. భుజములపై నల్లంచు గల తెల్లని పొలుసులవంటి ఈకలు, మెరయు పచ్చని రొమ్ము, తెల్లని పొట్ట, చారలు చారలుగా బారెడు పొడవు తోక దాని యందము.

ఆంహర్స్టు ఫెజెంటును, బంగారు ఫెజెంటును అడవిలో ఒకేచోట కనబడుట అరుదు. మొదటిది చైనాకు నైరృతిమూలను, ఉత్తర బర్మాను నివసించును. రెండవది మధ్య చైనా కొండలయందు. పక్షిశాలలో మాత్రము వాని నడుమ తీగెవల ఒకటే అడ్డు. ఆంహర్స్టు పెట్ట దొరకనివారు బంగారు ఫెజెంటు పెట్టను జతచేసిరి. పుట్టిన పిల్లలను మరల ఆంహర్స్టు పుంజునకిచ్చిరి. ఇట్లు మూడు నాలుగు తరములు గడచినచో పైచూపునకు అచ్చమైన ఆంహర్స్టు పక్షియే తయారగును. జుట్టులో ఉండవలసినదానికన్న ఎరుపు ఎక్కువగా నుండుట, నీలిబూడిదరంగుండవలసిన కాళ్లలో పసుపు తొంగిచూచుట వంటి చిన్న గుర్తులవలననే లోపలి కలగలుపు తెలియును. అమ్మువాడు చెప్పడు, కొనువాడు చూడడు. నేడు ఐరోపా పక్షిశాలలలో అచ్చమైన ఆంహర్స్టు పక్షి దొరకుట కష్టమని పెంపకందార్లే ఒప్పుకొందురు.

దేశకాలముల మార్పు, అకస్మాత్తుగా కలుగు మార్పు, సాంకర్యము - ఈ మూడును ఒకే పక్షి చుట్టు చిక్కుముడివలె అల్లుకొన్న కథ వియత్నాము నడుమ నున్న సన్నని పల్లపు అడవులలో జరిగినది.

పందొమ్మిదవ శతాబ్ది చివర ఒక ఫ్రెంచి మతబోధకుడు అక్కడినుండి కొన్ని పక్షిచర్మములను పారిసు నగరపు మ్యూజియమునకు పంపెను. 1896లో ఉస్టలే అను శాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి, క్రొత్త జాతియని నిర్ణయించి, మ్యూజియము అధిపతియైన మిల్న్ ఎడ్వర్డ్సు పేరు పెట్టెను. ఎడ్వర్డ్సు ఫెజెంటు పుంజు ముదురు నీలము. తలపై పొట్టి తెల్లని జుట్టు, ముఖమున ఎర్రని చర్మము, ఎర్రని కాళ్లు. జీవించియున్న పక్షిని చూచిన శాస్త్రజ్ఞుడు లేడు. జీన్ డెలకూర్ అను ఫ్రెంచి పక్షిశాస్త్రవేత్త ఇండోచైనాకు పలుమారులు యాత్రలు చేసి, 1920 తరువాత ఆ పక్షులను సజీవముగా సంపాదించి, ఫ్రాన్సులో క్లేర్ అను గ్రామముననున్న తన తోటకు చేర్చెను. అవి అక్కడ పిల్లలను పెట్టెను. ఐరోపాకు వచ్చిన మొత్తము పక్షులు ముప్పదికి లోపే. నేడు లోకములోని పక్షిశాలలలో నున్న ఎడ్వర్డ్సు ఫెజెంట్లన్నియు ఆ కొలదిపాటి పక్షుల సంతానమే.

1923లో డెలకూరునకు, ఆయన సహచరుడు జబూయ్‌కు అదే ప్రాంతమునుండి వేరొక జంట ప్రాణములతో లభించెను. ఆ పుంజు ఎడ్వర్డ్సు పక్షికన్న పెద్దది, తోక పొడవు, జుట్టుతో సహా ఒడలంతయు ముదురు నీలము. మరుసటి యేడు వారు దానిని ఇంపీరియల్ ఫెజెంటు, అనగా చక్రవర్తి ఫెజెంటు అను పేరుతో క్రొత్త జాతిగా ప్రకటించిరి. క్లేర్ తోటలో ఆ యొక్క జంటనుండియే సంతతి పెరిగెను. లోకములోకెల్ల అరుదైన పక్షిగా గ్రంథములన్నిటిలోను దాని పేరు చేరెను. అడవిలో మాత్రము ఎంత వెదకినను అది గుంపుగా కనబడిన చోటు లేదు. 1990లో వియత్నాములో ఒక పక్షి ఉచ్చున పడెను. పుంజులు, పెట్టలు, పిల్లలు గల జాతి యేదైన ఇంత రహస్యముగా బ్రదుకగలదా యను సందేహము కలిగెను. చివరకు శాస్త్రజ్ఞులు మూడు విధములుగా పరీక్షించిరి. ఈకలను, కొలతలను పోల్చిరి. పక్షిశాలలో వెండి ఫెజెంటును, ఎడ్వర్డ్సు ఫెజెంటును జతచేసి పిల్లలను చూచిరి. అవి చక్రవర్తినే పోలియుండెను. డి.ఎన్.ఏ. పరీక్ష కూడ ఆ సంగతినే చెప్పెను. 2003లో ఈ ఫలితములు వెలువడినవి. చక్రవర్తి ఫెజెంటు జాతియే కాదు. అడవిలో రెండు జాతులు కలిసినప్పుడు అరుదుగా పుట్టు సంకరము. ఎనుబది యేండ్ల కీర్తి ఆ దినముతో ముగిసెను.

చిక్కు అంతటితో తీరలేదు. 1964లో అదే ప్రాంతమున దొరికిన ఒక పుంజును బట్టి, వియత్నాము శాస్త్రజ్ఞుడు వో క్వీ 1975లో మరియొక జాతిని వర్ణించెను. అది అన్ని విధముల ఎడ్వర్డ్సు పక్షియే. తోక నడిమి ఈకలు మాత్రము తెలుపు. ఆ తెల్లని ఈకలను బట్టియే అది వియత్నాము ఫెజెంటు అని వేరుగా లెక్కింపబడెను. ఇంతలో ఒక వింత జరిగినది. ఐరోపాలో తరతరములుగా పెంచుచున్న అచ్చమైన ఎడ్వర్డ్సు ఫెజెంట్లలో కొన్నిటికి తోకలో తెల్లని ఈకలు మొలవసాగెను. వియత్నామునుండి క్రొత్తగా ఏ పక్షియు వానితో కలియలేదు. దగ్గరి చుట్టముల నడుమ పలుమారులు జతలు కుదురుటచే, లోపల దాగియున్న గుణము బయటపడినదన్నమాట. 2012లో శాస్త్రజ్ఞులు వియత్నాము ఫెజెంటు వేరు జాతి కాదని, అంతఃప్రజననమువలన మారిన ఎడ్వర్డ్సు ఫెజెంటే అని నిర్ధారణ చేసిరి.

ఈ నిర్ణయము వినుటకు చిన్నది. దాని యర్థము భయంకరమైనది. పక్షిశాలలో చుట్టముల పెండ్లి తప్పనిసరి. అడవిలో ఆ తెల్లని ఈకలు ఎట్లు వచ్చెను? అడవి తెగి ముక్కలై, ఒక్కొక్క ముక్కలో పట్టుమని పది పక్షులైన మిగులక, అడవిపక్షులు కూడ అన్నచెల్లెండ్రతో జతకట్టవలసిన దుర్దశ యేర్పడి యుండవలెను. శాస్త్రజ్ఞులు క్రొత్త జాతి దొరికినదని సంతోషించిన తెల్లని ఈక, నిజమునకు పాతజాతి అంతరించుచున్నదని తెలుపు గుర్తు. అంతేకాక, అంతవరకు రెండు జాతులుగా లెక్కించిన పక్షులు ఒకటే యని తేలుటతో మిగిలినది ఇంకను తక్కువని స్పష్టమైనది. ఆ యేడే ఎడ్వర్డ్సు ఫెజెంటును అత్యంత ప్రమాదములో నున్న జాతుల పట్టికలో చేర్చిరి.

ఆ యడవులు చిక్కిపోవుటకు కారణములు పెక్కు. అమెరికాతో జరిగిన యుద్ధకాలమున ఆకులను మాడ్చు విషమును విమానములనుండి చల్లిరి. యుద్ధానంతరము పల్లపు అడవులను నరికి పొలములు చేసిరి. వీనికన్న పెద్ద శత్రువు ఉచ్చు. సైకిలు బ్రేకుతీగెలతో చేసిన ఉచ్చులను అడవిబాటలలో వేలకొలది పన్నుదురు. పందికొరకు పన్నిన ఉచ్చు ఫెజెంటును విడిచిపెట్టదు. 1996లో ఎడ్వర్డ్సు ఫెజెంటు మరల కనబడినదని లోకము సంతోషించెను. 2000 సంవత్సరము తరువాత అడవిలో దానిని నిశ్చయముగా చూచినవారు లేరు. తమంత తామే ఫోటోలు తీయు యంత్రములను చెట్లకు కట్టి వెదకినను కానరాలేదు.

కావున ఆ జాతి భారమంతయు నేడు పక్షిశాలలపై పడినది. జంతుప్రదర్శనశాలలతో పాటు సామాన్యులైన పెంపకందార్ల పెరళ్లలో కూడ ఆ పక్షులు కలవు. అవి యెంత అచ్చమైనవి? తైవాను ద్వీపమున స్విన్హో ఫెజెంటు అను మరియొక నీలి పక్షి కలదు. దానికి తోక నడిమి ఈకలు సహజముగనే తెలుపు. గతకాలమున కొందరు పెంపకందార్లు ఎడ్వర్డ్సు పక్షులను దానితో కలిపిరి. కావున పక్షిశాలలో ఒక పుంజునకు తెల్లని తోకయీక మొలచినదనుకొనుడు. అది చుట్టముల జతవలన వచ్చినదా, స్విన్హో రక్తమువలన వచ్చినదా? మొదటిదైనచో ఆ పక్షి ఎడ్వర్డ్సు ఫెజెంటే. దూరపు చుట్టమును చూచి జతచేసినచో దాని సంతతి పనికివచ్చును. రెండవదైనచో దాని సంతతిని అడవిలో విడుచుటకు వీలులేదు. కన్ను ఈ రెండింటిని వేరుచేయజాలదు. వంశవృక్షము వ్రాసియున్న పుస్తకమో, డి.ఎన్.ఏ. పరీక్షయో చెప్పవలసినదే.

అందుచేత ప్రతి పక్షి కాలికి అంకె గల కడియము తొడిగి, తల్లి యెవరు, తండ్రి యెవరు, ఏ యేడు ఏ తోటలో పుట్టినది అను వివరములను ఒకే వంశావళి గ్రంథమున చేర్చుచున్నారు. ఏ పుంజునకు ఏ పెట్ట మిక్కిలి దూరపు చుట్టమో లెక్కగట్టి, ఒక దేశపు పక్షిని మరియొక దేశమునకు పంపి జతలు కూర్చుచున్నారు. ఎన్నడో ఒక పెంపకందారుడు కొనిన దినమున శ్రద్ధతో వ్రాసియుంచిన చిన్న చీటి ఈ పనిలో బంగారముతో సమానము. చీటి లేని పక్షి యెంత యందమైనదైనను పరీక్ష కాకముందు లెక్కలోనికి రాదు. వియత్నాములో ఆ పక్షి పుట్టిన ప్రాంతముననే పెంపకశాలను నెలకొల్పి, ఇట్లు ఏరిన జంటల పిల్లలను ఎన్నటికైన అడవిలో విడువవలెనను ప్రయత్నము సాగుచున్నది. అంతకుముందు అక్కడి అడవిబాటలలోని ఉచ్చులను ఏరివేయవలసి యున్నది. వనరక్షకులు నేడు తీగెలను ఒక్కొక్కటిగా విప్పి మోపులు కట్టి తెచ్చుచున్నారు.